సమముగా ముగిసిన ఆట

ఆట యనగానే గెలుపు, ఓటమి యను రెండు ఫలితములే మనస్సునకు తోచును. పోటీ ముగిసి యింటికి వచ్చిన పిల్లవానిని పెద్దలు మొదట అడుగు ప్రశ్న ‘గెలిచితివా, ఓడితివా?’ అనునదే. చదరంగమున ఆ ప్రశ్నకు మూడవ సమాధాన మొకటి కలదు. ఇరువురిలో ఎవ్వరును గెలువరు, ఎవ్వరును ఓడరు. చెరి అర పాయింటు పంచుకొని, చేతులు కలిపి, బల్ల యొద్దనుండి లేచిపోవుదురు. దీనినే వాడుకలో ‘డ్రా’ యందురు. ఈ మాట విని కొందఱు పెద్దలు నిట్టూర్తురు. కొందఱు పిల్లలు తామేదో తప్పు చేసినట్లు తల వంచుకొందురు. ఆ నిట్టూర్పునకు కారణమున్నదో లేదో తెలియవలెనన్నచో, ఆట సమముగా ఎట్లు ముగియునో, ఆ అర పాయింటు ఎట్లు సంపాదింపబడునో ఎఱుగవలయును.

చదరంగము మన దేశమున పుట్టిన ఆట. సుమారు క్రీస్తుశకము 6వ శతాబ్దినాటికి ఇది ‘చతురంగ’ మను పేరుతో వెలసినది. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగు సేనాంగములే దాని పేరునకు మూలము. ఇక్కడినుండి అది పర్షియాకు పోయి ‘చత్రంగ్’ అయినది. అరబ్బుల నోట ‘శత్రంజ్’ అయినది. పిమ్మట ఐరోపా ఖండమునకు చేరినది. తెలుగువారి పలకపై ఆ నాలుగు అంగములు నేటికిని పేర్లతో నిలిచియున్నవి. ఏనుగు, గుఱ్ఱము, బంటు సరే. ‘శకటు’ అనునది శకటము, అనగా బండి. మన నిత్యవ్యవహారమునందును చదరంగపు మాటలు కలిసిపోయినవి. ‘ఎత్తుకు పైఎత్తు’ అన్నను, ‘వాని ఆట కట్టినది’ అన్నను, పలుకువాడు ఎఱిగినను ఎఱుగకున్నను, చదరంగపు పలకనే తలచుచున్నాడు.

పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి పట్టణములు పూర్వము సంస్థానములకు రాజధానులు. గద్వాలలో కోట నేటికిని కలదు. వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును వేర్వేరు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. ఈ సీమలోనేగాక తెలుగునాట అంతటను గుడి అరుగులపైని, చావడి బండలపైని పులిజూదపు గీతలు కనబడుచుండును. బండపై గీసిన గీతల నడుమ బుద్ధికి పదును పెట్టుట మనవారికి క్రొత్త కాదు. నేటి పాఠశాల క్రీడలలో చదరంగమునకును స్థానము కలదు. 14, 17, 19 ఏండ్లలోపు బాలబాలికలకు వేర్వేరుగా పోటీలు జరుగును.

అట్టి పోటీలో గద్వాల బాలుడొకడును, నాగర్‌కర్నూలు బాలిక యొకతెయు ఎదురెదురుగా కూర్చుండిరని భావింపవచ్చును. బాలునివి తెల్లపావులు, బాలికవి నల్లపావులు. ఆట చాల సేపు సాగినది. పావులన్నియు ఒకదాని వెంట ఒకటి పోయి, బాలునికి రాజు, ఒక బంటు మాత్రము మిగిలినవి. బాలికకు రాజొక్కడే మిగిలినాడు. చూచువారికి బాలుడు గెలిచినట్లే తోచును. బంటు ఎనిమిదవ వరుస చేరినచో మంత్రి యగును. మంత్రి వచ్చినచో ఒంటరి రాజునకు ఆటకట్టు తప్పదు.

తెల్లబంటు ఆఱవ వరుసలో, పలక నడిమి భాగమున నున్నది. దాని వెనుకనే అయిదవ వరుసలో తెల్లరాజు కావలియున్నాడు. నల్లరాజు ఏడవ వరుసలో, బంటునకు ఎదురుగా దారి కట్టి నిలిచినాడు. ఎత్తు తెలుపుది. తెల్లరాజు ఒక గడి ఎడమప్రక్కకు జరిగెను. ఇప్పుడు బాలిక తన రాజును వెనుకకు తీయవలయును. వెనుక వరుసలో మూడు గడులు కలవు: ఎడమ మూల, కుడి మూల, తిన్నగా వెనుక. ఈ మూడును చూచుటకు ఒక్కరీతిగనే యుండును. కాని కుడి ఎడమలలో దేనికి పోయినను ఆట పోయినట్లే. తెల్లరాజు ఒక గడి ముందుకు వచ్చును. నల్లరాజు దారి కట్టుటకు నడిమి గడికి రాగా, బంటు ఏడవ వరుసకు నడచి అతనిని ప్రక్కకు తొలగించును. తెల్లరాజు దాని ప్రక్కన చేరి ఎనిమిదవ వరుసకు దారి ఇచ్చును.

బాలిక తిన్నగా వెనుకకు పోయినచో కథ మాఱును. తెల్లరాజు ఆఱవ వరుసకు వచ్చును. వెంటనే నల్లరాజు ఎనిమిదవ వరుసలో అతనికి సరిగా ఎదుటికి వచ్చి నిలుచును. ఇరువురు రాజుల నడుమ ఒక్క గడియే ఖాళీగా నుండును. రాజు రాజును తాకరాదు గనుక ఇక తెల్లరాజు ముందుకు రాజాలడు. బంటును ఏడవ వరుసకు నెట్టి బాలుడు ‘చెక్’ చెప్పును. నల్లరాజు బంటునకు ముందున్న గడిలోనికి వచ్చి మరల దారి కట్టును. ఇప్పుడు బాలునికి రెండే మార్గములు. బంటును విడిచి దూరముగా పోయినచో నల్లరాజు దానిని చంపును. విడువక దాని వెనుక నిలిచినచో నల్లరాజునకు కదలుటకు ఒక్క గడియు లేకపోవును. అతనికి ‘చెక్’ కూడ లేదు. చెక్ లేక, వేయదగిన ఎత్తును లేకపోయిన స్థితిని ‘స్టేల్‌మేట్’ అందురు. నిబంధన ప్రకారము ఆట అక్కడనే సమముగా ముగియును.

ఒక్క బంటు కూడ లేని బాలిక, బంటు గల బాలునితో సరితూగినది. ఆమెను కాపాడినది అదృష్టము కాదు. మూడు గడులలో ఏది సరియైనదో ఆమె ముందే నేర్చియుండుటయే ఆమెను కాపాడినది. బాలుడును ఏమియు తప్పు చేయలేదు. ఎదుటివారు సరిగా ఆడినచో ఆ స్థితిలో గెలుపు లేనే లేదు.

ఆట సమముగా ముగియుటకు మఱికొన్ని మార్గములును కలవు. ఇరువైపుల రాజులు మాత్రమే మిగిలినను, ఒక రాజునకు తోడుగా ఒక్క గుఱ్ఱమో ఒక్క శకటో మాత్రమే యున్నను, ఆటకట్టు అసంభవము గనుక అది డ్రాయే. అదే స్థితి, అదే ఆటగాని వంతుతో మూడు మారులు వచ్చినచో ఆటగాడు డ్రా కోరవచ్చును. ఇరువురును చెరి 50 ఎత్తులు వేసినను ఒక్క బంటు కదలక, ఒక్క పావు చావక యున్నచో అప్పుడును కోరవచ్చును. ఒకని గడియారమున కాలము తీఱిపోయినను, ఎదుటివానికి ఆటకట్టు చేయుటకు ఏ విధముగను వీలు లేనిచో గెలుపు రాదు, అదియు డ్రాయే. కడపటిది ఇరువురి అంగీకారము. ఈ నిబంధనలు ఒక్క నాట ఏర్పడినవి కావు. ఇంగ్లండులో 17, 18 శతాబ్దులయందు స్టేల్‌మేట్ చేసినవాడే ఓడినట్లు లెక్కించెడివారు. 19వ శతాబ్ది ఆరంభమున గాని అది సమమను నియమము అక్కడ స్థిరపడలేదు.

వెనుకబడినవాడు ఆశ విడువక లెక్క వేసినచో ఏమి సాధింపగలడో 1921లో రిచర్డ్ రెటీ కల్పించిన ఒక సమస్య చక్కగా చూపును. రెటీ చెకొస్లోవేకియాకు చెందిన గొప్ప ఆటగాడు. ఆ సమస్యలో ఇరువైపుల ఒక్కొక్క రాజు, ఒక్కొక్క బంటు మాత్రమే యుండును. తెల్లరాజు పలకకు ఒక మూలనున్నాడు. ఎదుటివాని బంటు అతనికి అందనంత ముందుకు పరుగిడుచున్నది. తెల్లబంటు మాత్రము నల్లరాజునకు చేరువలో చిక్కియున్నది. ఎదుటి బంటును పట్టుటగాని, తన బంటును కాపాడుటగాని, రెండింటిలో ఒక్కటియు తెల్లరాజునకు సాధ్యము కాదని తోచును. కాని అతడు ఏటవాలుగా నడచును. అందుచే ప్రతి అడుగును అతనిని ఇరు బంటులకును దగ్గఱ చేయును. నల్లరాజు తెల్లబంటును చంపుటకు ఒక ఎత్తు వెచ్చించినచో తెల్లరాజు పరుగిడు బంటును పట్టుకొనును. నల్లబంటు ఆగక పరుగిడినచో తెల్లరాజు తన బంటును చేరి దానిని దరి చేర్చును. ఎట్లు చూచినను ఆట సమమే. జ్యామితిలో చతురస్రమునకు కర్ణము భుజముకంటె పొడవైనది. చదరంగపు రాజునకు మాత్రము కర్ణమును భుజమును ఒక్కటే. ఏటవాలు గడికైనను తిన్నని గడికైనను ఒక్క ఎత్తే పట్టును. రెటీ సమస్యలోని రహస్యమంతయు ఇదియే.

ఇక అర పాయింటు విలువను గూర్చి తెలిసికొనవలయును. గెలుపునకు 1, డ్రాకు ½, ఓటమికి 0 అని లెక్క. బాలబాలికల పోటీలలో సాధారణముగా అందఱును అందఱితో ఆడుట సాధ్యము కాదు. అందుచే ‘స్విస్’ పద్ధతి అవలంబింతురు. ఇది 1895లో స్విట్జర్లాండునందలి జ్యూరిక్ నగరపు పోటీలో మొదలైనది. ప్రతి రౌండులోను వీలైనంతవఱకు సమాన పాయింట్లు గలవారిని జతపఱతురు. గెలిచినవానికి బలవంతుడైన ప్రత్యర్థి వచ్చును; ఓడినవానికి తనవంటి వాడు వచ్చును. డ్రా చేసినవాడు నడుమ నిలుచును. కావున ఒక్క అర పాయింటు మఱునాటి ప్రత్యర్థిని మార్చును. కడపట స్థానమునే మార్చును.

దీనికి తెలుగుబిడ్డ కోనేరు హంపి జీవితమునుండియే నిదర్శనము చూపవచ్చును. హంపి 1987 మార్చి 31వ తేదీన గుడివాడలో జన్మించెను. తండ్రి అశోక్ ఆమెకు గురువు. 1997లో ఆమె 10 ఏండ్లలోపు బాలికలలో ప్రపంచవిజేత యయ్యెను. 2001లో ఏథెన్సు నగరమున జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలో బాలికల బిరుదమును గెలుచుకొనెను. 20 ఏండ్లలోపు వారి పోటీలో ఆనాటికి ఆమె వయస్సు 14 ఏండ్లు. మఱుసటి యేడు, అనగా 2002లో, అదే పోటీ గోవాలో జరిగెను. పోటీ ముగియునప్పటికి హంపియు, చైనా బాలిక జావో షుయెయు సమాన పాయింట్లతో ప్రథమ స్థానమున నిలిచిరి. బిరుదము మాత్రము ఒక్కరికే చెందవలయును. సమానులను వేఱుచేయుటకు వాడు ఉపలెక్కలో జావో షుయె పైచేయి యయ్యెను. హంపికి ద్వితీయ స్థానము లభించెను. ఆ పోటీలో ఒక్క అర పాయింటు అదనముగా చేరియుండినచో బిరుదము ఆమెదే. ఆ సంవత్సరముననే ఆమె 15 ఏండ్ల 1 నెల 27 దినముల వయస్సున గ్రాండ్‌మాస్టర్ బిరుదమును పొంది, అప్పటివఱకు స్త్రీలలో జూడిత్ పోల్గార్ పేర నున్న రికార్డును దాటెను.

2004లో ప్రపంచ జూనియర్ పోటీ కొచ్చి నగరమున జరిగెను. హంపి ఈ మారు బాలికల విభాగమున ఆడక బాలురతో కలిసి ఆడెను. 13 ఆటలలో 8½ పాయింట్లు సాధించి, అయిదవ స్థానమునకు సమానులైన వారిలో ఒకతెగా నిలిచెను. ఆ పోటీలో ప్రపంచవిజేతగా నిలిచినవాడు గుంటూరు యువకుడు పెండ్యాల హరికృష్ణ. అంతకు పూర్వము 1987లో విశ్వనాథన్ ఆనంద్ ఫిలిప్పైన్సులోని బాగ్యో నగరమున ఈ బిరుదమును గెలిచిన మొదటి భారతీయుడు. 1951లో ఆరంభమైన ఈ పోటీలో తెలుగువాని పేరు ఆ విధముగా చేరెను. 2008లో గుంటూరుకే చెందిన ద్రోణవల్లి హారిక బాలికల బిరుదమును తెచ్చెను.

ఇటీవలి కాలమున వరంగల్లు యువకుడు ఇరిగేశి అర్జున్ చేసిన పనియు గమనింపదగినది. 2024లో బుడాపెస్టు నగరమున జరిగిన ఒలింపియాడులో అతడు భారతజట్టు తరఫున మూడవ బల్లపై 11 ఆటలాడి 10 పాయింట్లు తెచ్చెను. అందు 9 గెలుపులు, 2 డ్రాలు. ఓటమి ఒక్కటియు లేదు. ఆ రెండు ఆటలలో గెలుపు రాకున్నను ఓటమిని రానీయకపోవుటచేతనే లెక్క అంత నిండుగా వచ్చినది. అర్జునునికి ఆ బల్లపై వ్యక్తిగత స్వర్ణపతకము, జట్టునకు స్వర్ణపతకము లభించినవి. భారతజట్టు ఆడిన 11 జట్టుపోటీలలో పదింటిని గెలిచి, ఉజ్బెకిస్థానుతో మాత్రము 2–2 గా సమము చేసికొనెను.

2025 జూలైలో జార్జియా దేశపు బతూమి నగరమున స్త్రీల ప్రపంచకప్పు తుదిపోరు జరిగెను. ఒకవైపు 38 ఏండ్ల హంపి. మఱియొకవైపు 19 ఏండ్ల నాగపూరు యువతి దివ్య దేశ్‌ముఖ్. హంపి 2001లో ప్రపంచ జూనియర్ విజేత. దివ్య 2024లో గాంధీనగరమున అదే బిరుదమును గెలిచినది. జూలై 26, 27 తేదీలలో జరిగిన రెండు ఆటలును సమముగా ముగిసినవి. 28వ తేదీన వేగముగా ఆడు ఆటలు పెట్టిరి. వానిలో మొదటిదియు సమమే. తరువాతి ఆటలో దివ్య గెలిచి కప్పును, దానితోపాటు గ్రాండ్‌మాస్టర్ బిరుదమును పొందెను. నాలుగు ఆటలలో మూడు డ్రాలు. గెలిచిన ఆటనే లోకము తలచుకొనును. కాని ఆ మూడింటిలో దివ్య ఒక్కదానిని చేజార్చుకొనియుండినను, నాలుగవ ఆటలోని గెలుపు ఒక్కటే ఆమెకు కప్పును తెచ్చియుండెడిది కాదు. అనుభవజ్ఞురాలి యెదుట మూడు మారులు నిలిచిన తరువాతనే ఆమె నాలుగవ మారు ముందడుగు వేసినది.

అయినను డ్రాలన్నియు ఒక్కరీతివి కావు. ఇరువురును అలసిపోవునంతవఱకు ఆడి, పలకపై గెలుపునకు దారి లేదని తేలిన పిమ్మట చేతులు కలుపుట ఒకటి. ఆడుటకు ముందే స్నేహితులిరువురు ‘చెరి సగము తీసికొందము’ అని లోలోపల మాటాడుకొని, నాలుగు ఎత్తులు వేసి లేచిపోవుట మఱియొకటి. రెండింటికిని కాగితముపై ½–½ అనియే వ్రాయుదురు. కాని రెండవదానిలో ఆటయే లేదు. అది తక్కిన ఆటగాండ్రకు అన్యాయము. తమకు తాము చేసికొన్న నష్టము. ఈ దోషమును అరికట్టుటకు కొన్ని పోటీలలో నిర్ణీతసంఖ్య గల ఎత్తులు పూర్తి కానిదే ఇరువురి అంగీకారముతో డ్రా చేసికొనరాదని నియమము పెట్టుదురు. 2005లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన పోటీలో ఆటగాండ్రు పరస్పరము డ్రా ప్రతిపాదించుకొనుటనే నిషేధించిరి. నాటినుండి దానికి ‘సోఫియా నియమము’ అను పేరు కలిగెను.

డ్రా ప్రతిపాదించుటకును మర్యాద యున్నది. తన ఎత్తు వేసిన తరువాత, గడియారమును నొక్కుటకు ముందు, ఒక్క మారు మెల్లగా అడుగవలయును. ఎదుటివారు ఒప్పుకొననిచో వెంటవెంటనే అడుగరాదు; అది ఎదుటివారి ఏకాగ్రతను చెడగొట్టుటయే యగును. ఆట ముగిసిన పిమ్మట ఇరువురును తమ ఎత్తులు వ్రాసికొన్న కాగితములపై ఫలితము వ్రాసి సంతకములు చేయుదురు. తరువాత తెలివిగల ఆటగాండ్రు ఆ ఎత్తులను మరల పలకపై వేసి చూతురు. ఎక్కడ గెలుపు తప్పిపోయినది, ఎక్కడ ఓటమి తప్పిపోయినది యని ఇరువురును కలిసి వెదకుదురు. ఇంతకు ముందు ప్రత్యర్థులైనవారు అప్పుడు సహాధ్యాయులగుదురు.

గెలిచిన ఆటలో ఎదుటివారి తప్పు కొంత దాగియుండవచ్చును. ఓడిన ఆటలో తన తప్పు తప్పక యుండును. చక్కగా ఆడి సమముగా ముగించిన ఆటలో ఇరువురి శ్రమయు సమానముగా నిలుచును. కనుక డ్రా చేసి యింటికి వచ్చిన బాలుని ‘గెలువలేదేమి?’ అని అడుగుటకంటె ‘ఎట్లు నిలిచితివి?’ అని అడుగుట మేలు. ఆ ప్రశ్నకు అతడు పలక తెచ్చి, పావులు పేర్చి, ఒక్కొక్క ఎత్తును వివరింపగలిగినచో, ఆ అర పాయింటు అతడు నిజముగా సంపాదించినదే యని గ్రహింపవలయును.

ప్రశ్నలు

1. చదరంగపు పావుల తెలుగు పేర్లలో ప్రాచీన సేనాంగములు ఎట్లు నిలిచియున్నవి?
2. బంటు లేని బాలిక తన ఆటను ఎట్లు కాపాడుకొనెను? ఆ స్థితిని పలకపై పేర్చి చూపుడు.
3. ఆట సమముగా ముగియుటకు గల మార్గములను తెలుపుడు.
4. 2002లో గోవాలో జరిగిన పోటీ అర పాయింటు విలువను ఎట్లు తెలియజేయుచున్నది?
5. ‘డ్రాలన్నియు ఒక్కరీతివి కావు.’ ఈ వాక్యమును సొంతమాటలలో వివరింపుడు.